అక్రమ అంతస్తుల మీద చర్య లేదు: లోకాయుక్తకు వెళ్తే ఫలితం ఉంటుందా?

కాలనీ కార్యదర్శి, ఉప్పల్:
అందరికీ నమస్కారం. రెండంతస్తులకు పర్మిషన్ తీసుకుని నాలుగు వేస్తుంటే, మున్సిపల్ అధికారులు నోటీసు ఒకటి గోడకు అంటించి వదిలేస్తే, అధికారుల మీద ఫిర్యాదులు విచారించే లోకాయుక్తకు వెళ్లొచ్చా? అక్కడ ఆర్డర్ వస్తే కూలగొడతారా? ఫిర్యాదు ఎలా రాయాలో తెలిసినవాళ్లు చెప్పండి.

బషీర్‌బాగ్ వకీలు:
వెళ్లొచ్చండి. కాకపోతే అక్కడ అడగాల్సింది వేరు. లోకాయుక్త సిఫార్సు చేస్తుంది, కూల్చమని ఆర్డర్ వేయదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన 1983 చట్టమే ఇక్కడా నడుస్తోంది. దాని కింద విచారించేది అధికారి నడవడిని: పదవిని దుర్వినియోగం చేశాడా, ఎవరికో మేలు చేయడానికి చూసీచూడనట్టు ఊరుకున్నాడా అని. ఫిర్యాదు నిండా ఇంటి ఓనరు గురించే ఉండి అధికారి ఊసు చివర్లో ఒక్క ముక్క ఉంటే అది ఇరుగుపొరుగు తగాదాలాగే కనిపిస్తుంది. చాలా ఫిర్యాదులు వీగిపోయేది అక్కడే.

అందుకే ముందు ఫైలు బయటికి లాగండి. జీహెచ్ఎంసీ చట్టంలో సెక్షన్ 452 షోకాజ్ నోటీసు, 461 పని ఆపమనడానికి, 636 తొలగింపు ఉత్తర్వు. 452 ఇచ్చేసి 636 దాకా పోకుండా ఆగిపోవడమే ఎక్కువగా జరుగుతుంది. ఆ సందులో ఓనరు సివిల్ కోర్టు నుంచి ఇంజంక్షన్ (కూల్చొద్దనే ఉత్తర్వు) తెచ్చుకుంటాడు, ఈలోపు పైన ఇంకో స్లాబు పడుతుంది.

10 రూపాయల ఫీజుతో ఆర్టీఐ (సమాచార హక్కు దరఖాస్తు) వేసి ఇవి అడగండి: మంజూరైన ప్లాన్, జారీ చేసిన ప్రతి నోటీసు నకలు, కోర్టు కేసుంటే అధికారులు కౌంటర్ (కోర్టుకిచ్చే జవాబు) దాఖలు చేసిన తేదీ, నోట్ ఫైల్ (ఆఫీసులో ఒకరి తర్వాత ఒకరు రాసే అభిప్రాయాల ఫైలు). "ఎందుకు చర్య తీసుకోలేదు" అని మాత్రం అడగొద్దు. అది సమాచారం కిందికి రాదని తిప్పి పంపుతారు. 30 రోజుల్లో జవాబు రాకపోతే మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయాలి.

నోట్ ఫైల్ అన్నిటికంటే విలువైనది. కింది ఉద్యోగి "636 ఉత్తర్వుకు సమర్పించడమైనది" అని రాస్తాడు, పైవారు "చర్చించండి" అని ఒక్క మాట రాసి సంతకం పెడతారు. ఆ తర్వాత నెలల తరబడి ఆ పేజీలో ఏమీ ఉండదు. ఆ పేజీయే మీ సాక్ష్యం.

పాత సెక్షన్ ఆఫీసర్:
పైన చెప్పింది అక్షరాలా నిజం. ఫిర్యాదుకు నిర్ణీత ఫారం ఉంది, అఫిడవిట్ జతచేయాలి. బషీర్‌బాగ్‌లోని లోకాయుక్త ఆఫీసులోనే అడిగి తీసుకోండి. ఒక ఫిర్యాదులో ఒకే బిల్డింగ్ పెట్టండి. ఏ తేదీన ఎవరికి అర్జీ ఇచ్చారో, రశీదు నంబరుతో ఒక పట్టిక వేయండి. ఆయా తేదీల్లో ఆ కుర్చీలో ఎవరున్నారో హోదాతో సహా రాయాలి, లేకపోతే బదిలీ అయి వచ్చినాయన "నా టైములో కాదు" అంటారు. ఆరేళ్లు దాటిన వ్యవహారం తీసుకోరు. కోర్టు కేసుంటే దాచొద్దు.

ఫిర్యాదుకు నంబరు పడ్డాక సంబంధిత శాఖ నుంచి రిపోర్టు తెప్పిస్తారు. మనుషుల్ని పిలిపించడానికి, రికార్డులు తెప్పించడానికి లోకాయుక్తకు సివిల్ కోర్టుకున్న అధికారాలున్నాయి. ఆ రిపోర్టు కాపీ తప్పకుండా అడిగి తీసుకోండి. "నోటీసు ఇచ్చాం, చర్య ప్రక్రియలో ఉంది" అని ఉంటుంది. దానికి మీరు తేదీలతో రాతపూర్వకంగా జవాబివ్వకపోతే ఫైలు అక్కడితో మూసేసే ప్రమాదం ఉంది.

కాలనీ కార్యదర్శి, ఉప్పల్:
చాలా థ్యాంక్స్ అండీ. ఇలాంటి ఓనర్లు క్రమబద్ధీకరణకు దరఖాస్తు పెట్టుకున్నాం అంటుంటారు కదా, దానికేం చెప్పాలి?

బషీర్‌బాగ్ వకీలు:
2015 నాటి బీఆర్ఎస్ (బిల్డింగ్ రెగ్యులరైజేషన్ స్కీము) 2015 అక్టోబర్ 28 నాటికి కట్టిన వాటికే. ఇప్పుడు లేస్తున్న అంతస్తుకు అది అడ్డురాదు. తేదీ కనిపించేలా ఫొటోలు తీసి పెట్టండి.

ఇంకో మాట. ఎవరైనా లంచం అడిగితే లోకాయుక్త దాకా ఆగొద్దు, డబ్బు ఇచ్చేలోపే ఏసీబీ 1064కు ఫోన్ చేయండి.

నాంపల్లి పౌరుడు:
సిఫార్సే కదా అని తీసిపారేయకండి. 2011 జులైలో కర్ణాటక లోకాయుక్త సంతోష్ హెగ్డే బళ్లారి గనుల మీద ఇచ్చిన నివేదికతో ముఖ్యమంత్రి యడియూరప్ప రాజీనామా చేయాల్సి వచ్చింది. అప్పుడు అక్కడ లోకాయుక్తకు సొంత పోలీసు విభాగం ఉండేది. ఏ శాఖ మీద ఫిర్యాదో ఆ శాఖ రిపోర్టు మీదే ఆధారపడాల్సి వస్తే స్వతంత్రత కాగితం మీదే మిగులుతుంది.

అంతకంటే పెద్ద దెబ్బ ఖాళీ కుర్చీ. తెలంగాణ 2014లో ఏర్పడితే సొంత లోకాయుక్త వచ్చింది 2019 డిసెంబర్‌లో. పదవీకాలం ఐదేళ్లని చట్టంలోనే ఉంది, ఖాళీ ఎప్పుడొస్తుందో ప్రభుత్వానికి ముందే తెలుసు. ఆలస్యానికి సాకు లేదు.

లోకాయుక్త నివేదిక వెళ్లాక సంబంధిత అధికారి మూడు నెలల్లో ఏం చర్య తీసుకున్నదీ తెలపాలి. తృప్తిగా లేకపోతే లోకాయుక్త గవర్నర్‌కు ప్రత్యేక నివేదిక పంపొచ్చు, అది శాసనసభ ముందుకు రావాలి. మూడు నెలలు దాటిన మర్నాడే ఆ శాఖకు ఆర్టీఐ వేసి చర్యల నివేదిక నకలు అడగండి. రాకపోతే ఆ ఆర్టీఐ జవాబునే జతచేసి, ప్రత్యేక నివేదిక పంపమని లోకాయుక్తకు లేఖ పెట్టండి.