లాంకాస్టర్‌లో ఆమిష్ బొంతలు ఎక్కడ కొనాలి?

పర్లాకిమిడి నుంచి: అమ్మాయి ఫిలడెల్ఫియాలో ఉంటుంది. ఆదివారం పెన్సిల్వేనియాలోనే ఉన్న లాంకాస్టర్ వైపు ఆమిష్ వాళ్ల (పాతకాలం పద్ధతుల్లో సాదాగా బతికే క్రైస్తవులు) ఊళ్లు చూపిస్తానంటోంది. మా అమ్మ పాత చీరలతో బొంతలు కుట్టేది. అలాంటిదే అక్కడ ఒకటి కొనాలని ఎంతో కోరిక. ఎవరైనా వెళ్లారా?

రాయగడ: అక్కా, ఆదివారం వద్దు, వాళ్ల దుకాణాలన్నీ మూసేస్తారు. శనివారం వెళ్లండి. బర్డ్ ఇన్ హ్యాండ్, ఇంటర్‌కోర్స్ ఊళ్ల వైపు ఇళ్ల దగ్గరే అమ్ముతారు, నగదు ఉంచుకోండి. పెద్ద బొంత వందల డాలర్లు ఉంటుంది. కానీ ఆ చేతికుట్టు దగ్గరగా చూశాక ధర న్యాయమే అనిపించింది. మనుషుల ఫొటోలు తీయకండి, వాళ్ల మతం ఒప్పుకోదు.

బరంపురం: అక్కడ ‘షూఫ్లై పై’ అనే తీపి వంటకం తప్పక తినండి. మొలాసిస్‌తో చేస్తారు, మన బెల్లంపాకం గుర్తొస్తుంది. శాకాహారులైతే గుడ్డు, పంది కొవ్వు వేశారేమో ముందే అడగండి.

పర్లాకిమిడి నుంచి: శనివారానికి మార్పించాను తమ్ముడూ. అమ్మ కుట్టిన బొంత ఫొటో కూడా తీసుకెళ్తాను, వాళ్లకు చూపించాలి.