కాలిఫోర్నియాలో ఇల్లు, గుంటూరు జిల్లాలో పొలం: ఎస్టేట్ లాయరు దగ్గరికి వెళ్ళేముందు ఏం తేల్చుకోవాలి?

ఫ్రీమాంట్_గుంటూరు:
అందరికీ నమస్కారం. నాకు ఇక్కడి సిటిజన్‌షిప్, మా ఆవిడకి గ్రీన్ కార్డు. పిల్లలిద్దరూ మైనర్లు. లోన్ నడుస్తున్న ఇల్లు, ఇద్దరికీ 401(కె) (ఉద్యోగంలో కూడబెట్టే రిటైర్మెంట్ ఖాతా), కొన్ని షేర్లు, టర్మ్ ఇన్సూరెన్సు ఉన్నాయి. గుంటూరు జిల్లాలో నా స్వార్జితం రెండెకరాలు. ఎస్టేట్ లాయరు గారు (వీలునామాలు, ట్రస్టులు రాసేవారు) పెద్ద ఫారం పంపి నింపుకుని రమ్మన్నారు. వీలునామా ఒక్కటి చాలదా, లివింగ్ ట్రస్టు (బతికుండగానే ఆస్తిని పెట్టుకునే ట్రస్టు) కూడా కావాలా? ట్రస్టు నడిపే ట్రస్టీగా, పిల్లలకి గార్డియన్‌గా ఇండియాలో ఉన్న మా తమ్ముడి పేరు రాయొచ్చా? పొలాన్ని కూడా ఇదే ట్రస్టులో పెడితే ఒక పని అయిపోతుంది కదా?

కాగితం_పక్కా:
ఇల్లు కాలిఫోర్నియాలో ఉంది కాబట్టి ట్రస్టు రాయించుకోమనే నా సలహా. వీలునామా ఉంటే ప్రొబేట్ (పోయినవాళ్ళ ఆస్తిని కోర్టు ద్వారా వారసులకి మార్చడం) తప్పుతుందని చాలామంది అనుకుంటారు. తప్పదు, అది కోర్టుకి వెళ్ళేదే ప్రొబేట్ కోసం. అక్కడ లాయరు ఫీజు రేటు చట్టంలోనే ఉంది: మొదటి లక్ష డాలర్లకి 4 శాతం, రెండో లక్షకి 3, ఆపై ఎనిమిది లక్షలకి 2. పది లక్షల ఇంటికి 23,000 డాలర్లు. వీలునామాని అమలుచేసే ఎగ్జిక్యూటరు తన ఫీజు అడిగితే ఇంకో 23,000. ఇంటిమీద ఏడు లక్షల అప్పున్నా లెక్క కట్టేది పది లక్షలమీదే. ఒకరు పోయి ఇంకొకరు ఉంటే చిన్న పిటిషన్‌తో గట్టెక్కవచ్చు, ఇద్దరూ పోతేనే ఈ ఖర్చంతా పిల్లల నెత్తిన పడేది. టెక్సాస్‌లో ఉండేవాళ్ళకైతే ఇంత గట్టిగా చెప్పను, అక్కడ ప్రొబేట్ చాలా తేలిక.

ట్రస్టు రాయించి బైండరు అల్మారాలో పెట్టేసి, ఇంటిని మాత్రం అందులోకి మార్చనివాళ్ళు బోలెడుమంది. అలాంటి ట్రస్టు ఖాళీ డబ్బానే, ఇల్లు మళ్ళీ ప్రొబేట్‌కే పోతుంది. కొత్త డీడ్ రాసి, నోటరీ చేయించి, కౌంటీ రికార్డరు (ఇక్కడి రిజిస్ట్రారు ఆఫీసు) దగ్గర నమోదు చేయాలి. దానితోపాటే యాజమాన్యం మారినట్టు తెలిపే ఫారం ఇవ్వాలి. మీరు ఎప్పుడైనా రద్దు చేసుకోగల ట్రస్టు కాబట్టి ప్రాపర్టీ టాక్స్ కోసం ఇంటి విలువ మళ్ళీ లెక్కగట్టరు. లోన్ గురించి భయం వద్దు. మీరు లబ్ధిదారుగా ఉండి అందులోనే కాపురముంటే, ట్రస్టులోకి మార్చారన్న సాకుతో బ్యాంకు అప్పంతా ఒకేసారి కట్టమనకుండా 1982 నాటి గార్న్-సెయింట్ జర్మేన్ చట్టం అడ్డుపడుతుంది. ఇంటి ఇన్సూరెన్సు కంపెనీకి చెప్పి పాలసీలో ట్రస్టు పేరు చేర్పించండి. రీఫైనాన్స్ చేసేటప్పుడు (పాత లోన్ తీర్చి కొత్తది తీసుకునేటప్పుడు) బ్యాంకు ఇంటిని ట్రస్టులోంచి తీయించవచ్చు. కొత్త లోన్ పని పూర్తయ్యాక తిరిగి పెట్టే బాధ్యత మీదే, ఎవరూ గుర్తుచేయరు.

401(కె)ని మాత్రం ట్రస్టు పేరుకి మార్చకండి. అది డబ్బు తీసుకున్నట్టే లెక్క, మొత్తంమీద పన్ను పడుతుంది. దానికీ ఇన్సూరెన్సుకీ డబ్బు ఎవరికి వెళ్ళాలో రాసే బెనిఫిషియరీ ఫారమే ఆఖరి మాట, వీలునామాలో ఏం రాసినా చెల్లదు. మొదటి పేరు భార్యది. రెండో పేరుగా మైనర్ పిల్లల్ని నేరుగా రాస్తే ఆ డబ్బుకి కోర్టు సంరక్షకుణ్ణి పెడుతుంది, పద్దెనిమిది నిండగానే మొత్తం చేతికిస్తుంది. ట్రస్టులో పిల్లల కోసం పెట్టిన భాగాన్ని రాయాలి. రిటైర్మెంట్ ఖాతాలకి ఆ వాక్యం ఎలా ఉండాలో లాయరు చేతే రాయించుకోండి. మాట తేడా వస్తే పన్ను తొందరగా కట్టాల్సి రావచ్చు.

లాయరు ఫ్లాట్ ఫీజు (మొత్తం పనికి ఒకే ఫీజు) అన్నారంటే డీడ్ రాయడం, నమోదు, ఇద్దరికీ పవర్ ఆఫ్ అటార్నీ, వైద్య నిర్ణయాల పత్రం అందులో ఉన్నాయో లేదో ఒప్పందం ఉత్తరంలో చూసుకోండి. భార్యాభర్తలకి ఒకే లాయరైతే ఒకరు చెప్పింది ఇంకొకరి దగ్గర దాచరు, ఆ సంగతీ అందులోనే ఉంటుంది.

ఎస్టేట్_లెక్కలు:
పై జవాబులో రాని విషయం తమ్ముడి సంగతి. అమెరికన్ కాని వ్యక్తి, ఇండియాలో ఉంటూ, ఒక్కడే ట్రస్టీ అయితే పన్ను చట్టం దృష్టిలో ఆ ట్రస్టు విదేశీ ట్రస్టు అయిపోతుంది. ముఖ్య నిర్ణయాలన్నీ అమెరికన్ల చేతిలో ఉండాలన్నది నియమం. అనుకోకుండా అలా జరిగితే సరిదిద్దుకోవడానికి 12 నెలలు ఇస్తారు, కానీ ఆ తిప్పలు పిల్లలకెందుకు? ఇక్కడి బంధువునో స్నేహితుణ్ణో ట్రస్టీగా రాసి, ఇంకో ఇద్దరిని వరుసలో పెట్టండి.

గార్డియన్‌గా తమ్ముణ్ణి రాయొచ్చు. రాసింది మీ కోరిక మాత్రమే, ఖాయం చేసేది కోర్టు. ఆయనకి వీసా వచ్చి విమానం దిగేదాకా పిల్లలు ఎవరి దగ్గర ఉండాలి? దగ్గర్లో ఉన్న ఒకరిని తాత్కాలిక గార్డియన్‌గా విడిగా రాసి, ఆ కాగితం కాపీ వాళ్ళ చేతిలో ఉంచండి. పిల్లల్ని పెంచేవాళ్ళూ డబ్బు చూసేవాళ్ళూ వేర్వేరుగా ఉంటే మంచిదని నా అభిప్రాయం.

ఇక ఎస్టేట్ టాక్స్, అంటే పోయినవాళ్ళ ఆస్తిమీద పడే పన్ను. మీ ఆవిడకి సిటిజన్‌షిప్ లేదు కాబట్టి భార్యకి వెళ్ళే ఆస్తిమీద ఆ పన్నుకి ఉండే అపరిమిత మినహాయింపు వర్తించదు. అందుకోసమే క్యూడాట్ అనే ప్రత్యేక ట్రస్టు ఉంది. అయితే 2026లో ఒక్కొక్కరికి మామూలుగా ఉండే మినహాయింపు కోటీ యాభై లక్షల డాలర్లు. ఆ లెక్కలోకి ఇండియా పొలం, మీ పేర ఉన్న ఇన్సూరెన్సు డబ్బు కూడా వస్తాయి. అవి కలిపినా ఆ దరిదాపుల్లో లేకపోతే క్యూడాట్ కోసం విడిగా డబ్బు పోయకండి.

గట్టు_తగాదా:
పొలం ట్రస్టులో వద్దండీ. స్థిరాస్తి ఏ దేశంలో ఉంటే ఆ దేశం చట్టమే. పైగా పౌరసత్వం మారినవాళ్ళు ఇండియాలో వ్యవసాయ భూమిని వారసత్వంగా పొందొచ్చు గానీ కొనకూడదు, గిఫ్టుగా తీసుకోకూడదు. అలాంటి భూమిని అమెరికా ట్రస్టు పేర రాస్తే సబ్ రిజిస్ట్రారు దగ్గరే ఆగిపోతుంది.

ఇండియా ఆస్తికి విడిగా వీలునామా రాయించండి. ఇక్కడే అందరూ బోల్తాపడే చోటు ఉంది. ప్రతి లాయరు నమూనాలోనూ “ఇంతకు ముందు రాసిన వీలునామాలన్నీ రద్దు” అనే వాక్యం ఉంటుంది. ఇండియాది రాశాక అమెరికాది సంతకం చేస్తే, ఆ ఒక్క వాక్యంతో ఇండియాది పోతుంది. రెండింటిలోనూ “ఈ దేశంలోని ఆస్తికి మాత్రమే” అని రాయించి, ఇద్దరు లాయర్లకీ ఒకరి ముసాయిదా ఇంకొకరికి పంపండి.

సర్వే నంబరు, విస్తీర్ణం ఎకరాలు-సెంట్లలో, నాలుగు హద్దులు, దస్తావేజు నంబరు, పాసుపుస్తకం ఖాతా నంబరు రాయాలి. “గుంటూరులో నా పొలం” అంటే తర్వాత తగువే. పిత్రార్జితమైతే మీ వాటా వరకే రాయగలరు.

ఫ్రీమాంట్_గుంటూరు:
చాలా థాంక్సండీ. ఇండియా వీలునామా ఇక్కడే సంతకం చేయొచ్చా? రిజిస్ట్రేషన్ తప్పనిసరా? ఆఫీసులో హెచ్-1బి వీసా మీద ఉన్న స్నేహితుడు కూడా ఇవే లెక్కలు తనకీ వర్తిస్తాయా అని అడుగుతున్నాడు.

గట్టు_తగాదా:
ఎక్కడ సంతకం చేసినా చెల్లుతుంది, ఇద్దరు సాక్షులు చాలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, స్టాంపు డ్యూటీ లేదు. అయినా ఈసారి ఊరెళ్ళినప్పుడు అక్కడే సంతకం చేసి రిజిస్టరు చేయించండి. రేపు వివాదం వస్తే సాక్షుల్లో కనీసం ఒకరు కోర్టుకొచ్చి చెప్పాలి. ఫ్రీమాంట్ సాక్షిని గుంటూరు కోర్టుకి ఎవరు తీసుకొస్తారు? సాక్షులు మీకంటే చిన్నవాళ్ళై, ఆస్తితో సంబంధం లేనివాళ్ళై ఉండాలి.

ఎస్టేట్_లెక్కలు:
హెచ్-1బి వాళ్ళకి అసలు ప్రశ్న స్థిరనివాసం ఎక్కడన్నది. ఇక్కడే ఉండిపోవాలన్న ఉద్దేశం కాగితాల మీద కనబడితే మీ లెక్కే. తిరిగి వెళ్ళిపోయేవాళ్ళుగా తేలితే ఎస్టేట్ టాక్స్ మినహాయింపు 60,000 డాలర్లే. ఇక్కడి ఇల్లు, అమెరికన్ కంపెనీల షేర్లు, 401(కె) అన్నీ ఆ పన్ను లెక్కలోకి వస్తాయి. ఆయన జీవిత బీమా డబ్బు మాత్రం ఆ లెక్కలోకి రాదు. ఈ విషయంలో ఇండియాతో పన్ను ఒప్పందం కూడా లేదు. గ్రీన్ కార్డు దరఖాస్తు, ఇంటి కాగితాలు, పిల్లల చదువు వివరాలు తీసుకుని లాయరుని కలవమనండి.