చీనీ (బత్తాయి) గింజ నుంచి ల్యాబ్‌లో తీసిన మొక్క తల్లి చెట్టులాగే కాస్తుందా?

తాడిపత్రి_చీనీ:
మా చీనీ తోటకు పన్నెండేళ్లు. కొమ్మలు కొసల నుంచి ఎండుతున్నాయి. కొత్త తోటకు గింజ కణజాలం నుంచి ల్యాబ్‌లో తీసిన మొక్కలు వేయమంటున్నారు. గింజ మొక్క తల్లిని పోలదంటూ మా నాయన ఒప్పుకోవడం లేదు. ఎవరైనా వేశారా?

అనంత_బోటనీ:
అన్నా, మీ నాయన మాట బేనీషా మామిడికి నిజం. చీనీ వేరు. గింజ నానబెట్టి తొక్క ఒలవండి. ఒక్క గింజలోనే రెండు మూడు పిండాలు అతుక్కుని ఉంటాయి. పుప్పొడి కలిసి పుట్టేది వాటిలో మహా అయితే ఒకటి. మిగతావి న్యూసెల్లస్ అనే తల్లి కణజాలం నుంచి వచ్చినవే, అచ్చం తల్లే. ల్యాబ్‌లో లేత కాయ గింజల నుంచి ఆ న్యూసెల్లస్‌నే తీసి పెంచుతారు. ఢిల్లీలో మహేశ్వరి, రంగస్వామి అనే వృక్షశాస్త్రవేత్తలు నిమ్మజాతిలో ఈ పని చేసి 1958లోనే ప్రచురించారు. చీనీ చెట్లను ఎండబెట్టే ట్రిస్టీజా వైరస్ అంటు పుల్లతో వస్తుంది, ఇలా తీసిన మొక్కకు మామూలుగా రాదు. నేను ఎమ్మెస్సీలో చేశాను. మూడో రోజుకే సగం సీసాల్లో తెల్ల బూజు! ఏడుపొచ్చింది. మిగిలిన వాటిలో ఆవగింజంత పచ్చ పిండాలు కనబడ్డ రోజు మాత్రం మరిచిపోలేను.

పులివెందుల_రైతు:
నేను ఇరవై మొక్కలు వేశా. చెట్లు బ్రహ్మాండంగా పెరిగాయి, కానీ ముళ్లు వేలంత పొడవు. పూత ఏడో ఏట వచ్చింది. పక్క చేనులో అంటు మొక్కలు ఐదో ఏటే కాశాయి. బ్యాంకు అప్పుతో వేసేవాళ్లకు ఆ రెండేళ్లు చాలా కష్టం. ఈ సంగతి నాకు మొక్కలమ్మినవాళ్లు ఒక్క ముక్క చెప్పలేదు.

అనంత_బోటనీ:
గింజ నుంచి వచ్చిన మొక్కకు బాల్యం ఎక్కువ, అందుకే ముళ్లు, ఆలస్యం. తోటంతా వాటితో వేయొద్దు అన్నా. కాపుకొచ్చిన అలాంటి చెట్టు పై కొమ్మల నుంచి కన్ను (మొగ్గ) తీసి రంగపూర్ నిమ్మ మీద అంటు కట్టించండి. ముళ్లు తగ్గుతాయి, కాపు త్వరగా వస్తుంది. ఒక్క జాగ్రత్త: శుభ్రమైన చెట్టుకైనా తర్వాత పేనుబంకతో ట్రిస్టీజా, సిల్లా పురుగుతో గ్రీనింగ్ తెగులు అంటుకోవచ్చు. పుల్ల కోసే ముందు ఆకు పరీక్ష తప్పనిసరి.

తాడిపత్రి_చీనీ:
నిన్న రాత్రి ఎనిమిది గింజలు నానబెట్టి పొద్దున ఒలిచాం. ఒకదాంట్లో నాలుగున్నాయి, చివరిది బియ్యపు నూకంత. నాయన దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. పులివెందుల అన్నా, పరీక్ష ఖర్చు నాది, మీ చెట్ల నుంచి పుల్లలు ఇస్తారా?

పులివెందుల_రైతు:
ఇస్తా తమ్ముడూ. ముందు ఆకులు పంపిద్దాం.