36వ వారం స్కానింగులో మెడకు పేగు చుట్టుకుందన్నారు, ఆపరేషన్ తప్పదా?

లంకపిల్ల:
తొలిచూలు. పురిటికి పుట్టింటికి వచ్చాను, రాజోలు వైపు లంక గ్రామం. మొన్నటి స్కానింగులో బిడ్డ మెడకు పేగు ఒక చుట్టు ఉందని రాశారు. తల కిందికే ఉంది, ఉమ్మనీరు బాగుంది. మేము చూపించుకునే ప్రైవేటు ఆసుపత్రిలో కాగితం చూడగానే "ఎందుకొచ్చిన గొడవ, వచ్చే వారం ఆపరేషన్ చేసేద్దాం" అన్నారు. నాన్నమ్మ అప్పుడే పంచాంగం తెరిచింది. ఐదో నెలలో నేను చేతులెత్తి దండెం మీద బట్టలు ఆరేసినందుకే ఇలా అయిందట, పైగా మా తమ్ముడికి మేనమామ గండమట. వాడు పైకి నవ్వుతున్నాడు గాని రాత్రి ఫోనులో ఇదే వెతుకుతుంటే చూశాను. నొప్పులు వస్తే పేగు బిగుసుకుని బిడ్డకు ఊపిరాడదా?

రిటైర్డు స్టాఫ్ నర్సు, అమలాపురం:
తల్లీ, ముప్పై ఏళ్లు పురిటి గదిలో పనిచేశాను. ఇంచుమించు నలుగురిలో ఒకరు పేగు మెడలో వేసుకునే వస్తారు. లోపల బిడ్డ ముక్కుతో గాలి పీల్చదు, ప్రాణవాయువు అందేదే ఆ పేగులోంచి. కాబట్టి గొంతు నులుముతుందన్న భయం వదిలెయ్యి. పేగు నలుగుతోందా లేదా అన్నదే చూడాలి. అదేమీ మన కొబ్బరి పీచు తాడు కాదు. అర మీటరు పైచిలుకు పొడవు, లోపల మూడు రక్తనాళాలు, వాటి చుట్టూ ముంజెలా జారే జిగురు. ఓ మాదిరి ఒత్తిడికి నలగదు.

బిడ్డ గుండె నిమిషానికి 110 నుంచి 160 సార్లు కొట్టుకోవాలి. నొప్పి వచ్చినప్పుడు పేగు ఒత్తుకుంటే అది తగ్గుతుంది, నొప్పి పోగానే పుంజుకుంటుంది. అలాంటప్పుడు తల్లిని పక్కకు తిప్పి పడుకోబెట్టి కనిపెట్టుకుని ఉంటాం. మాటిమాటికీ బాగా పడిపోయి, లేవడానికి ఆలస్యమైతే అప్పుడు ఆపరేషన్, తల బాగా దిగి ఉంటే వాక్యూమ్, అంటే తలకు కప్పు అతికించి మెల్లగా బయటకు లాగడం. అది ఆ గంటలో తేల్చే మాట, ముందుగా పంచాంగంలో చూసేది కాదు. ఒక్క చుట్టు వల్ల సాధారణంగా కాన్పు ఆగిపోదు. స్కానింగులో కనబడిన చుట్టు కాన్పు నాటికి విడిపోవడం ఎన్నిసార్లు చూశానో!

తల బయటకు రాగానే చూపుడు వేలు మెడ దగ్గర పోనిచ్చి తడుముతాం. వెచ్చగా జారుతూ, లోపల నాడి టకటకా కొట్టుకుంటూ తగులుతుంది. మెడలో దండ తీసినట్టు తల మీదుగా తప్పిస్తాం. మరీ బిగుతుగా ఉంటేనే అక్కడే క్లాంపులు వేసి కోస్తాం.

ఆ కాగితం ఇంకో డాక్టరుకు చూపించు. అర్ధరాత్రి కూడా గుండె చప్పుడు చూసేవాళ్లు, ఆపరేషన్ చేయగలవాళ్లు ఉంటారా అని అడుగు. నిజానికి పేగు కన్నా మీ లంకంటేనే నాకు భయం. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరి 11.75 అడుగులకు చేరితే వరద మొదటి హెచ్చరిక ఇస్తారు, అది వినేదాకా కూర్చోకు. కాజ్‌వే మునిగితే పడవే గతి. బిడ్డ కదలికలు తగ్గినట్టు అనిపిస్తే మాత్రం తెల్లవారేదాకా ఆగకుండా బయలుదేరు.

ఆపరేషన్ చేసినా బిడ్డ మెడలో పేగుతోనే కదా వచ్చేది, మరి గండం ఎలా తప్పుతుందో నాన్నమ్మనే అడుగు.

ముగ్గురికి మేనమామ:
మా పెద్ద మేనకోడలు ఇలాగే పుట్టింది. గండం పోవాలంటే ముందుగా పిల్ల మొహం నూనెలోనే చూడాలని నన్ను పళ్లెం ముందు కూర్చోబెట్టారు. మొదట నా మీసం కనబడింది, తర్వాత తిరుగుతున్న ఫ్యాను, ఆ తర్వాతే పిల్ల. ఇప్పుడు ఏడో తరగతి. ప్రతి సంక్రాంతికీ పట్టులంగా కొనడం తప్ప నాకు వేరే గండం రాలేదు. మీ తమ్ముణ్ణి నిద్రపొమ్మనండి.

లంకపిల్ల:
పాలకొల్లులో ఇంకో డాక్టరుకు చూపించాం. నొప్పులు వచ్చేదాకా ఆగుదాం, వారం వారం రమ్మన్నారు. చించినాడ వంతెన దాటి అక్కడే పిన్ని ఇంటికి మారుతున్నాం. నాన్నమ్మ పంచాంగం మూసింది గాని నువ్వుల నూనె సీసా సంచిలో సర్దేసింది.