పాత లాప్‌టాప్‌లో కొత్త వైఫై కార్డు: కార్డు కనిపిస్తోంది, వైఫై మాత్రం ఆన్ అవడం లేదు

పర్లాకిమిడి టీచర్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలో గజపతి జిల్లా పర్లాకిమిడి. మహేంద్రతనయ దాటితే అవతల పాతపట్నం, ఆంధ్ర. మా వీధిలో ఇళ్లలో మాట్లాడేది తెలుగే, బడిలో మాత్రం పిల్లలు చదివేది ఒడియా. తెలుగు మాట్లాడతారు కానీ చదవలేరు. అందుకని సాయంత్రాలు మా ఇంట్లో కొంతమంది పిల్లల్ని కూర్చోబెట్టి చదవడం, రాయడం నేర్పుతున్నాను. పద్యాలు, కథలు వినిపించడానికి, వీడియోలు చూపించడానికి ఒక పాత లాప్‌టాప్ ఉంది. 2011 నాటిది, రెండో తరం ఐ5. ర్యామ్ 8 జీబీకి పెంచి, ఎస్‌ఎస్‌డీ వేయించి, లినక్స్ మింట్ ఎక్కించుకున్నాను. మా అవసరానికి నిక్షేపంలా సరిపోతుంది.

ఇబ్బందల్లా వైఫైతోనే. దాంతో వచ్చిన కార్డు 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే పట్టేది. మాది బజారు వీధి. కింద కొట్లు, పైన ఇళ్లు, ప్రతి ఇంట్లో ఒక రౌటరు. కథ మంచి పట్టులో ఉండగా వీడియో ఆగిపోతుంది, అంతే, పిల్లల ధ్యాస చెదిరిపోతుంది. వాళ్లను మళ్లీ కూర్చోబెట్టడం ఎంత కష్టమో పిల్లలకు చెప్పేవాళ్లకు తెలుసు.

మా రౌటరులో 5 గిగాహెర్ట్జ్ ఉంది కాబట్టి రెండు బ్యాండ్లూ పట్టే ఇంటెల్ 7260 కార్డు, హాఫ్ మినీ పీసీఐఈ సైజుది, తెప్పించి పాతదాని స్థానంలో పెట్టించాను. మెషీను మామూలుగానే బూట్ అవుతోంది. కానీ కుడివైపు కింద వైఫై గుర్తు రావడం లేదు, సెట్టింగ్స్‌లో ఆన్ చేయబోతే ఆన్ కాదు. కీబోర్డు మీద వైఫై కీ ఉంది, పాత కార్డు ఉన్నప్పుడు దాని దీపం తెల్లగా వెలిగేది, ఇప్పుడు ఎంత నొక్కినా నారింజ రంగే. పాత కార్డు తిరిగి పెడితే మళ్లీ తెలుపు, వైఫై వస్తుంది. అంటే స్లాటు బాగానే ఉన్నట్టు. కార్డే పాడైందా? వెనక్కి పంపేయనా? ప్రస్తుతానికి ఫోనుకు యూఎస్‌బీ వైరు పెట్టి నెట్ వాడుకుంటున్నాను.

ప్రాణహిత ఒడ్డు, సిరొంచ

అక్కా, మాది మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా సిరొంచ. మా దగ్గర కూడా ఇదే కథ, ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. మీరు చేస్తున్న పని చూసి సంతోషం వేసింది.

విప్పడం, బిగించడం ఎందుకు? రెండు బ్యాండ్లూ పట్టే యూఎస్‌బీ డాంగిల్ ఒకటి పెట్టుకుంటే సరిపోతుంది కదా. కాకపోతే కొనేముందు లినక్స్‌లో డ్రైవర్ ఉందో లేదో అడిగి తీసుకోండి. కొన్ని చిప్‌లకు డ్రైవర్ విడిగా వేసుకోవాలి, కెర్నల్ (లినక్స్‌లో అసలు భాగం) అప్‌డేట్ అయినప్పుడల్లా అది మళ్లీ సతాయిస్తుంది.

పర్లాకిమిడి టీచర్

ధన్యవాదాలు తమ్ముడూ. డాంగిల్ గురించి ఆలోచించాను. ఈ లాప్‌టాప్ పక్కనే చిన్నపిల్లలు కూర్చుంటారు, చేయి తగిలి ఊడిపోతుంది. దానికితోడు పక్క యూఎస్‌బీ పోర్టులు అరిగి వదులయ్యాయి, పెన్‌డ్రైవే సరిగ్గా నిలవదు. అందుకే లోపలి కార్డే బాగుచేసుకోవాలని ఉంది.

గుణుపూర్ నుంచి ఇంజినీరింగ్ స్టూడెంట్

నమస్తే మేడమ్. పక్కూరే మాది. వెనక్కి పంపేముందు కొంచెం చూద్దాం. టెర్మినల్ తెరిచి ‘ఎల్‌ఎస్‌పీసీఐ’ అని కొట్టండి, అందులో నెట్‌వర్క్ కంట్రోలర్ అన్న వరుసలో 7260 పేరు కనిపిస్తుందా? తర్వాత ‘ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్’ అని కొట్టండి, రేడియోను ఎవరైనా ఆపి ఉంచారేమో అది చెబుతుంది. వచ్చింది వచ్చినట్టు ఇక్కడ పెట్టండి. డీమెసేజ్‌లో (కెర్నల్ రాసుకునే సందేశాల చిట్టా) ‘ఐడబ్ల్యూఎల్‌వైఫై’ అన్న పేరుతో ఫర్మ్‌వేర్, అంటే కార్డు లోపల నడిచే ప్రోగ్రాము, లోడ్ అయినట్టు ఉందో లేదో కూడా చూడండి. ఈ కార్డు డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంటుంది, ఫర్మ్‌వేర్ ‘లినక్స్ ఫర్మ్‌వేర్’ అనే ప్యాకేజీలో వస్తుంది. మింట్‌లో అది ముందే ఉంటుంది కాబట్టి నాకు డ్రైవర్ మీద అనుమానం తక్కువ.

పర్లాకిమిడి టీచర్

చూశాను బాబూ. ఎల్‌ఎస్‌పీసీఐలో ఇంటెల్ వైర్‌లెస్ 7260 అని స్పష్టంగా ఉంది. ఫర్మ్‌వేర్ లోడ్ అయినట్టే చూపిస్తోంది, ఎర్రర్ ఏమీ లేదు. ఆర్‌ఎఫ్‌కిల్‌లో రెండు పద్దులు వచ్చాయి.

0: లాప్‌టాప్ కంపెనీ పేరుతో వైర్‌లెస్ లాన్. సాఫ్ట్ బ్లాక్డ్: నో. హార్డ్ బ్లాక్డ్: నో.
1: ఫై0, వైర్‌లెస్ లాన్. సాఫ్ట్ బ్లాక్డ్: నో. హార్డ్ బ్లాక్డ్: యెస్.

ఈ హార్డ్ బ్లాక్ ఎలా తీయాలి? ‘ఆర్‌ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ ఆల్’ అని కొట్టినా మార్పు లేదు.

బరంపురం సర్వీస్ బెంచి

టీచర్ గారూ, కార్డు వెనక్కి పంపకండి. మీరు పెట్టిన ఆ రెండు పద్దుల్లోనే జవాబు ఉంది. నేను బరంపురంలో లాప్‌టాప్‌లు, ఫోన్లు రిపేరు చేస్తాను, వివరంగానే రాస్తాను.

కొత్త కార్డు పని చేయకపోతే జనం చేసే మొదటి పని ఇంకో కార్డు కొనడం. అలా కొనకూడదు. జబ్బు ఎక్కడుందో తేలకుండా సామాను మారిస్తే డబ్బు పోతుంది, జబ్బు అక్కడే ఉంటుంది. ముందు తేల్చుకోవాల్సింది, బోర్డు ఆ కార్డును ఒప్పుకుందా అని. కొన్ని కంపెనీలు తాము ఆమోదించిన కార్డుల పట్టిక ఒకటి బయోస్‌లో (మెషీను ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రాము) రాసి పెట్టేవి. ఆ కాలపు థింక్‌ప్యాడ్లలో బయటి కార్డు పెడితే 1802 అని, హెచ్‌పీ వాటిలో 104 అని నంబరు చూపించి, కార్డు తీసేదాకా మెషీను ముందుకు కదలదు. మీది శుభ్రంగా బూట్ అవుతోంది, ఎల్‌ఎస్‌పీసీఐలో పేరు కూడా వచ్చింది. కాబట్టి ఆ గొడవ లేదు, స్లాటు, కార్డు మాట్లాడుకుంటున్నాయి. ఫర్మ్‌వేర్ కూడా ఎక్కింది. ఇక మిగిలింది రేడియో ఆపి ఉంచడమే.

సాఫ్ట్ బ్లాక్ అంటే సాఫ్ట్‌వేర్ ఆపింది, కమాండుతో తీయొచ్చు. హార్డ్ బ్లాక్ అంటే వైరు ద్వారా వచ్చిన ఆజ్ఞ, దాన్ని ఏ కమాండూ తీయలేదు. అది ఏ పద్దులో ఉందన్నది ముఖ్యం. 0వ పద్దు లాప్‌టాప్ కంపెనీ తాలూకు మాడ్యూల్ చెప్పేది. అక్కడ యెస్ ఉంటే ఆ మాడ్యూల్‌ను బ్లాక్‌లిస్టులో పెట్టి, అంటే లోడ్ కాకుండా ఆపి, చూడమనేవాణ్ని. మీకు అక్కడ నో ఉంది. ఫై0 అంటే కార్డే. తన కాలి (పిన్ను) మీద వచ్చిన సిగ్నల్ చూసి, నన్ను ఆపమన్నారు అని కార్డే చెబుతోంది.

ఆ కాలు నంబరు 20. మినీ పీసీఐఈ కార్డుకు 52 పిన్నులుంటాయి. 20వ పిన్ను పని రేడియోను ఆపడం. బోర్డు దాన్ని సున్నా వోల్టుకు లాగితే కార్డు రేడియో కట్టేస్తుంది, వదిలేస్తే పనిచేస్తుంది. పాత కార్డుల్లో కొన్ని ఈ పిన్నును పట్టించుకోవు, కీ నొక్కిన సంగతిని డ్రైవర్ ద్వారానే తెలుసుకుంటాయి. కొత్త కార్డు దాన్ని నిక్కచ్చిగా పాటిస్తుంది. రెండు కార్డులూ మంచివే అయినా ఒకటి పనిచేసి ఇంకొకటి చేయకపోవడం అందుకే.

ముందు బయోస్‌లోకి వెళ్లి వైర్‌లెస్ అన్న చోట ఏదైనా ఆఫ్‌లో ఉందేమో చూడండి. మీ మోడల్‌కు పక్కన జారుడు స్విచ్ ఉంటే అదీ చూడండి. రెండూ సరిగ్గా ఉంటే 20వ పిన్ను మీద టేపు వేయడమే దారి.

చార్జరు తీసి, బ్యాటరీ తీసి, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుని వదలండి. యాంటెనా వైర్లు ఏది ఎక్కడుందో ఫోటో తీసుకుని అప్పుడు ఊడదీయండి. కార్డును బోర్లా తిప్పండి. చిప్పులు, యాంటెనా గుబ్బలు లేని వెనకవైపు సరి సంఖ్యల పిన్నులుంటాయి. మధ్యలో గాడి ఉంటుంది. దానికి ఒక పక్క 8, ఇంకో పక్క 18 పిన్నులు. 18 ఉన్న పెద్ద వరసలో గాడిని ఆనుకుని ఉన్నది 18వ నంబరు పిన్ను, దాని పక్కదే 20. ఆ పక్కది 22, దాన్ని మాత్రం ముట్టుకోవద్దు. అది కార్డును రీసెట్ చేసే లైను, మూసుకుపోతే ఇప్పుడు కనిపిస్తున్న కార్డు కూడా కనిపించకుండా పోవచ్చు.

సెలోటేపు వద్దు. వేడికి జిగురు కరిగి స్లాటు లోపల పేరుకుంటుంది, తర్వాత దాన్ని శుభ్రం చేయడం నరకం. మొబైల్ షాపుల్లో తేనె రంగులో పల్చటి కాప్టన్ టేపు ఉంటుంది, వేలెడు ముక్క అడిగితే ఊరికే ఇస్తారు. పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం 0.8 మిల్లీమీటర్లు. కాబట్టి బ్లేడుతో ఒక మిల్లీమీటరు లోపు వెడల్పున్న సన్నని పేలిక కోసి, పిన్ను పొడవునా అంటించి, కొసను కార్డు అంచు మీదుగా కొద్దిగా పైకి మడవండి. అలా మడవకపోతే స్లాటులోకి తోసేటప్పుడు టేపు ముడుచుకుపోతుంది. కళ్లజోడు పెట్టుకుని, పగటి వెలుతురులో చేయండి. చేయి వణికే వాళ్లయితే మొబైల్ రిపేరు కుర్రాడికి భూతద్దం కింద చేయమని ఇవ్వండి, అతనికి అది చిటికెలో పని.

చివరగా యాంటెనాలు. ఆ గుబ్బలు చొక్కా టిచ్ బటన్లలా టిక్కుమని కూర్చోవాలి. వంకరగా నొక్కితే లోపలి సూది వంగిపోతుంది. నిలువుగా పెట్టి బొటనవేలి గోరుతో నొక్కండి.

గుణుపూర్ నుంచి ఇంజినీరింగ్ స్టూడెంట్

సార్, 0వ పద్దుకూ ఫై0కీ తేడా ఇంత స్పష్టంగా చెప్పినవాళ్లు లేరు. ఒక డౌటు. ఇదే టేపు వైద్యం ఎం.2 (కొత్త లాప్‌టాప్‌ల స్లాటు రకం) కార్డులకు కూడా పనికొస్తుందా? మా ఫ్రెండ్ లాప్‌టాప్‌కు ఏఎక్స్201 తీసుకుందామనుకుంటున్నాడు.

బరంపురం సర్వీస్ బెంచి

ఎం.2లో పిన్నుల అమరిక వేరు తమ్ముడూ, ఈ నంబర్లు అక్కడ వాడకూడదు. ఏఎక్స్201 అయితే కొనొద్దని చెప్పు. అది సీఎన్‌వీఐ కార్డు, వైఫై పనిలో సగం ఇంటెల్ చిప్‌సెట్ లోపలే జరగాలి. ఆ సదుపాయం లేని బోర్డులో పెడితే స్లాటులో పడుతుంది కానీ పనిచేయదు. ఏఎక్స్200 అయితే మామూలు పీసీఐఈ మీద నడుస్తుంది. ఎం.2 కార్డుల యాంటెనా గుబ్బలు కూడా ఇంకా చిన్నవి, పాత లాప్‌టాప్ వైర్లు వాటికి పట్టవు.

పర్లాకిమిడి టీచర్

వైఫై వచ్చింది! బయోస్‌లో అన్నీ ఆన్‌లోనే ఉన్నాయి, పక్క స్విచ్ ఈ మోడల్‌కు లేదు. మొబైల్ షాపు అబ్బాయికి మీరు రాసింది ఫోనులో చూపించాను. భూతద్దం కింద పేలిక అంటించి, 22 మీద పడలేదని ఫోటో తీసి మరీ చూపించాడు. టేపు డబ్బులు కూడా తీసుకోలేదు. ఇప్పుడు ఫై0 దగ్గర హార్డ్ బ్లాక్డ్ నో అని ఉంది. మీకు ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు.

ఒక్క సంగతి. ముందు గదిలో రౌటరు దగ్గర 5 గిగాహెర్ట్జ్ బాగా పట్టుకుంటోంది, సిగ్నల్ మైనస్ 50ల్లో ఉంది. పిల్లలు కూర్చునే వెనక గదిలో మైనస్ 78కి పడిపోయి, దానంతటదే 2.4కు మారిపోతోంది. మధ్యలో పాతకాలం గోడ, చాలా మందం. రెండు వైర్లూ టిక్కుమనేలా పెట్టామన్నాడు అబ్బాయి.

బరంపురం సర్వీస్ బెంచి

చాలా సంతోషం టీచర్ గారూ. ఆ అబ్బాయిని వదులుకోకండి, పని తెలిసినవాడు.

వెనక గది సంగతి గోడదే. 5 గిగాహెర్ట్జ్ మందపాటి గోడల్ని 2.4 అంత బాగా దాటలేదు. పైగా 2.4 మాత్రమే పట్టే కార్డుతో వచ్చిన లాప్‌టాప్ కాబట్టి తెరలోని యాంటెనాలు కూడా 5కు అంత అనువుగా ఉండకపోవచ్చు. దానికి కార్డు ఏమీ చేయలేదు. వీలైతే రౌటరును గుమ్మానికి ఎదురుగా, ఎత్తులో పెట్టించండి. గోడ అడ్డు తప్పి తలుపు సందున సిగ్నల్ వస్తే చాలా తేడా ఉంటుంది. అప్పుడు నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో మీ కనెక్షన్ తెరిచి, వైఫై ట్యాబ్‌లో బ్యాండ్ అన్నచోట ఆటోమేటిక్ తీసి ‘ఏ, 5 గిగాహెర్ట్జ్’ ఎంచుకోండి, 2.4కు జారిపోదు. సిగ్నల్ మైనస్ 70 కంటే సున్నా వైపు ఉంటే వీడియోలు ఆగవు. రౌటరు జరపడం కుదరకపోతే 2.4లోనే ఉండి, రౌటరులో ఛానెల్ 1, 6, 11లలో మీ వీధిలో తక్కువమంది వాడుతున్నది పెట్టుకోండి. ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండేవి ఆ మూడే.

ప్రాణహిత ఒడ్డు, సిరొంచ

సార్, టేపు వేశాక కీబోర్డు మీద వైఫై కీ పనిచేస్తుందా? బ్లూటూత్ స్పీకర్ కూడా పెట్టుకోవచ్చా అక్క?

బరంపురం సర్వీస్ బెంచి

కీ నొక్కితే దీపం మారొచ్చు కానీ పిన్ను ద్వారా రేడియో ఆగదు. ఆపాలంటే తెర మీద వైఫై గుర్తు నొక్కి ఆపుకోవాలి. బ్లూటూత్ ఈ కార్డులోనే ఉంది, కానీ అది 36, 38 పిన్నుల మీద యూఎస్‌బీగా నడుస్తుంది. లాప్‌టాప్ బోర్డులో ఆ స్లాటుకు యూఎస్‌బీ వైరింగ్ ఇచ్చి ఉంటేనే వస్తుంది. టీచర్ గారు ‘ఎల్‌ఎస్‌యూఎస్‌బీ’ కొట్టి చూస్తే ఇంటెల్ పేరుతో బ్లూటూత్ కనిపించాలి. కనిపించకపోతే 51వ పిన్ను కూడా ఒకసారి చూడొచ్చు, కొన్ని బోర్డుల్లో బ్లూటూత్‌ను ఆపేది అదే. అక్కడా ఫలితం లేకపోతే మాత్రం వైరు స్పీకరే వాడుకోండి, దానికోసం మళ్లీ ఖర్చు పెట్టొద్దు.

పర్లాకిమిడి టీచర్

రౌటరు గుమ్మం పైకి మార్పించాను. వెనక గదిలో ఇప్పుడు మైనస్ 66. బ్యాండ్ కూడా మీరు చెప్పినట్టే 5కు పెట్టాను. ఎల్‌ఎస్‌యూఎస్‌బీలో బ్లూటూత్ కనిపించలేదు, మాకు వైరు స్పీకరు ఉంది కాబట్టి దాని జోలికి పోవడం లేదు. ఈ సాయంత్రం సుమతీ శతకం పద్యాలు పెట్టాను, ఎక్కడా ఆగలేదు.