911కు రంగు ర్యాప్, కొత్త వీల్స్: ఏం చూస్కోవాలె?

ప్రశ్న (హన్మకొండ): అన్నా, తెల్ల పోర్షే 911కు మ్యాట్ గ్రే ర్యాప్ (పెయింట్ మీద అతికించే రంగు ఫిల్మ్), కొత్త అల్లాయ్ వీల్స్, అల్కాంటరా (సూయెడ్ లెక్క మెత్తటి బట్ట) స్టీరింగ్ వేయించాలె. ఎట్ల?

జవాబు: ర్యాప్ దాదాపు 100 మైక్రాన్లే, రాయి దెబ్బ ఆపదు. కరీంనగర్ రోడ్డుల గ్రానైట్ లారీల ఎనక పోతే బానెట్, బంపర్‌కు 200 మైక్రాన్ల పీపీఎఫ్ (పెయింట్‌ను కాపాడే మందపాటి ఫిల్మ్) ఉండాలె. రంగు పీపీఎఫ్ దొరికితే రెండు పనులు ఒక్కసారే. అంచులు మడిచినంక హీట్ గన్ సరిగ పట్టకపోతే మన ఎండకు మూలలు లేస్తయి. రంగు మారితే ఆర్టీఏల ఆర్సీ మీద ఎక్కించాలె, మర్చిపోకు.

జవాబు: అల్లాయ్ 5×130 (ఐదు బోల్టులు, వాటి వలయం అడ్డం 130 మి.మీ.), సెంటర్ బోర్ (వీల్ నడిమి రంధ్రం) 71.6 మి.మీ. బోర్ పెద్దగుంటే ఆ సందు నింపే హబ్ రింగ్ పెట్టు, లేకుంటే స్పీడుల స్టీరింగ్ వణుకుతది. బోల్టు టార్క్ (బిగించే బలం) 991, 992 తరం 911లకు 160 న్యూటన్ మీటర్లు, పాత వాటికి వేరే ఉంటది. సెంటర్ లాక్ (నడుమ ఒక్కటే పెద్ద నట్టు) ఉంటే ఈ లెక్కలు చెల్లవు.

జవాబు: అల్కాంటరా చేతి చెమటకు నిగనిగలాడి జారుతది. చిల్లుల తోలే నయం. స్టీరింగ్ విప్పేటప్పుడు అండ్ల ఉన్న ఎయిర్‌బ్యాగ్ ముట్టేముందు బ్యాటరీ నెగటివ్ తీయాలె.