సెకండ్‌హ్యాండ్ రెండు గ్రూపుల ఎస్ప్రెస్సో మెషీన్: స్టీమ్ తిప్పితే నీళ్ళొస్తున్నాయి, ఆర్‌సీసీబీ పడిపోతోంది

కృష్ణలంక_కాఫీ

అందరికీ నమస్తే అండి. విజయవాడలో చిన్న కాఫీ షాపు పెడదామని మూతపడ్డ ఒక కెఫే వాళ్ళ దగ్గర పాత ఇటాలియన్ మెషీన్ కొన్నాను. రెండు గ్రూపులు (కాఫీ దిగే తలలు), బటన్ల టైపు, లోపల హీట్ ఎక్స్‌చేంజర్ బాయిలర్ ఒకటే, పక్కన రోటరీ పంపు మోటారు వేరేగా ఉంది. ముందు పేరు ప్లేటు ఊడిపోయింది, వెనక స్టిక్కర్ మీద 230 వోల్టులు 3700 వాట్లు అని మాత్రం కనపడుతోంది. ఏడాదికి పైగా గోడౌన్లో పడుందట.

ఇప్పుడు గొడవేంటంటే, ఆన్ చేస్తే పంపు తిరుగుతుంది బాయిలర్ నిండుతుంది కానీ ఆగదు, అలా తిరుగుతూనే ఉండి కాసేపయ్యాక బటన్ల మీద లైట్లన్నీ టపటపా కొట్టుకుని ఆగిపోతుంది. మళ్ళీ ఆఫ్ చేసి ఆన్ చేస్తే మళ్ళీ అదే. వేడెక్కడం మొదలైన పది నిమిషాలకి ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్చి) పడిపోతుంది. ఒక్కోసారి పడకుండా ప్రెషర్ వస్తుంది, అప్పుడు స్టీమ్ గొట్టం తిప్పితే ఆవిరి బదులు వేడి నీళ్ళు కొడుతుంది, మెషీన్ పైన కప్పులు పెట్టే ట్రే కింద నుంచి కూడా నీళ్ళు కారుతున్నాయి. ఇది కాక ఎడమ గ్రూపులో నీళ్ళు సన్నగా దారంలా వస్తున్నాయి, కుడిది బానే ఉంది.

ఇక్కడ ఒకాయన్ని పిలిపించాను, పెళ్ళిళ్ళలో పెట్టే గ్యాస్ మీద ఎక్స్‌ప్రెస్ కాఫీ మెషీన్లు బాగుచేస్తాడు. ఆయన చూసి కంట్రోల్ బాక్సు పోయింది, హీటర్ పోయింది, రెండూ మార్చాలి, లేదా ఎర్త్ వైరు పీకేస్తే ట్రిప్పు అవ్వదు అన్నాడు. రెండూ కొత్తవి కొనాలంటే నేను మెషీన్‌కి పెట్టిన దాంట్లో సగం అయ్యేలా ఉంది. ఏం చెయ్యమంటారు?

వైర్‌మ్యాన్_వరంగల్

అన్నా ముందుగాల ఎర్త్ పీకెయ్యమన్నోని మాట అస్సలు వినకు. అది నీళ్ళు, స్టీలు బాడీ, చేతులు తడి, కింద ఫ్లోర్ తడి. ఆర్‌సీసీబీ 30 మిల్లీయాంప్ లీకైతే పడేటట్టు పెట్టిందే నీ పానం కోసం. అది పడుతుందంటే దాని పని అది చేస్తుందన్నట్టు, దాన్ని తప్పించుడు రిపేర్ గాదు.

ఇగ హీటర్ పోయిందా లేదా ఊహించుడెందుకు, చూస్తే తెలుస్తది. మెయిన్ ఆఫ్ జేసి, ప్లగ్గు పీకి, హీటర్‌కి పోయే వైర్లన్నీ ఫోటో తీసుకుని ఊడదీయి, కొసలకు టేపు గట్టిగ చుట్టు, ఒకదానికొకటి తగలకుండ పక్కకు పెట్టు. ఇప్పుడు ఆన్ చెయ్యి. ట్రిప్పు గాకపోతే లీకు హీటర్ దిక్కే. అయినా పడుతుందంటే హీటర్ మంచిదే, ఇంకెక్కడో తడి ఉన్నట్టు, వైరింగ్‌లనో సాలినాయిడ్ (కరెంటుతో తెరుచుకునే నీళ్ళ వాల్వు) కాయిల్‌లనో.

మల్టీమీటర్ పెట్టి హీటర్‌కీ బాడీకీ మధ్య ఏం చూపియ్యట్లేదు కాబట్టి బాగుంది అనుకోకు. మల్టీమీటర్ బ్యాటరీ వోల్టేజీకి చిన్న లీకులు దొరకవు. మెగ్గర్, అంటే ఎక్కువ వోల్టేజీతో లీకు చూసే మీటర్, 500 వోల్టుల మీద పెట్టాలె, ఒక మెగా ఓమ్ పైన వస్తే నడుస్తది. మోటార్ వైండింగ్ చేసే షాపుల మెగ్గర్ ఉంటది, అడిగితే చూస్తరు.

ఇంకో ముచ్చట. ఏడాది పడి ఉన్న హీటర్ల లోపటి తెల్లపొడి, మెగ్నీషియం ఆక్సైడ్, అది తేమ గుంజుకుంటది. అట్లాంటప్పుడు చల్లగ ఉన్నప్పుడు ఏం గాదు, వేడెక్కినంక పడుతది. అది పోయినట్టు గాదు, తడిసినట్టు. హీటర్‌ని ఊడదీసి బేకరీ ఓవెన్‌ల సన్నని మంట మీద కొన్ని గంటలు ఆరబెడితే చానా సార్లు లేచి నిలవడ్డది. ఆరబెట్టినంక మెగ్గర్ రీడింగ్ పెరగకపోతే అప్పుడు మార్చు.

3700 వాట్లంటే 16 యాంప్స్ మీదికే. 16 యాంప్ సాకెట్‌కి పెట్టినవా? ప్లగ్గు పిన్నులు నల్లగైనయా చూడు. దానికి విడిగా ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడే బ్రేకర్), కనీసం 4 ఎస్‌క్యూ (చదరపు మిల్లీమీటర్ల) వైరు, ఐసోలేటర్ (లైను మొత్తం కట్ చేసే స్విచ్చి) పెట్టుకో, ప్లగ్గు వద్దు.

మెల్బోర్న్_మావయ్య

వరంగల్ అన్న చెప్పింది కరెక్ట్, ఆ టెస్టు చెయ్యండి. కానీ నాకు మొదటి పోస్టు చదవగానే వచ్చిన డౌటు వేరే. ఏ నీళ్ళు పెడుతున్నారు? పంపు ఎక్కడి నుంచి తీసుకుంటోంది, కుళాయి లైనా, క్యానా?

నేనిక్కడ చదువుకునే రోజుల్లో ఎస్ప్రెస్సో మెషీన్ల వర్క్‌షాపులో పనిచేశాను, ఆ అలవాటుతో అడుగుతున్నా, జవాబు వచ్చాక మిగతాది రాస్తా.

కృష్ణలంక_కాఫీ

మా వీధి చివర ప్లాంటు నుంచి 20 లీటర్ల క్యాన్లు వేయించుకుంటున్నానండి, పంపు ట్యూబు డైరెక్టుగా క్యాన్లో పెట్టాను. మంచి ఆర్‌వో నీళ్ళు, టీడీఎస్ (నీళ్ళలో కరిగిన ఉప్పుల కొలత) మీటర్ పెట్టి చూశా 18 వచ్చింది. మెషీన్‌లో ఉప్పు పట్టకూడదని ఇవే వాడుతున్నా. కుళాయి నీళ్ళు 310, బోరు అయితే 900 పైన.

వరంగల్ అన్నా, హీటర్ వైర్లు తీసి ఆన్ చేశా. అయినా పడింది! అంటే హీటర్ బానే ఉన్నట్టేనా?

వైర్‌మ్యాన్_వరంగల్

ఆ టెస్టు మట్టుకైతే హీటర్ దోషం లేదన్నట్టే. మెగ్గర్ గూడ ఒక్కసారి పెట్టించు, మనసు నిమ్మలమైతది. ఇప్పుడు తడి ఎక్కడుందో దేవులాడు.

మెల్బోర్న్_మావయ్య

18 అన్నారు చూడండి, అక్కడే ఉంది అసలు సంగతి.

బాయిలర్ పైనుంచి లోపలికి ఒక స్టీలు కడ్డీ దిగి ఉంటుంది, లెవెల్ ప్రోబ్ అంటారు, చుట్టూ తెల్ల టెఫ్లాన్, పైన ఒకే ఒక్క వైరు. కంట్రోల్ బాక్సు ఆ కడ్డీకి చాలా తక్కువ వోల్టేజీ ఇస్తుంది. నీళ్ళు కడ్డీ కొసకి తగిలితే ఆ కరెంటు నీళ్ళ గుండా బాయిలర్ బాడీకి పోతుంది, అప్పుడు బాక్సు "నిండింది" అనుకుని పంపు, ఫిల్ సాలినాయిడ్ ఆపేస్తుంది. నీళ్ళలో కరెంటుని మోసేది కరిగి ఉన్న ఉప్పులే. 18 టీడీఎస్ నీళ్ళలో ఆ ఉప్పులు లేవు కాబట్టి కడ్డీ మునిగిపోయినా బాక్సుకి తెలీదు, నింపుతూనే ఉంటుంది. చాలా బాక్సుల్లో ఇంత టైము దాటితే ఆగిపోయి లైట్లు కొట్టేలా ఉంటుంది, మీరు చూసింది అదే, అది జబ్బు కాదు రక్షణ. మీరు మళ్ళీ ఆన్ చేసినప్పుడల్లా ఇంకో విడత నీళ్ళు ఎక్కుతున్నాయి.

ఇప్పుడు మిగతావన్నీ ఒకదాని వెనక ఒకటి వస్తాయి. బాయిలర్ పైదాకా నిండితే ఆవిరికి చోటు లేదు, స్టీమ్ తిప్పితే నీళ్ళే వస్తాయి. బాయిలర్ నెత్తి మీద వ్యాక్యూమ్ బ్రేకర్ అని చిన్న వాల్వు ఉంటుంది, చల్లగా ఉన్నప్పుడు తెరుచుకుని వేడెక్కేటప్పుడు గాలిని బయటికి పంపి ఆ తర్వాత మూసుకుంటుంది. బాయిలర్ నిండిపోయుంటే అది గాలి బదులు నీళ్ళు కక్కుతుంది. ట్రే కింద కారుతున్నవి అవే. ఆ నీళ్ళు కింద ప్రెషర్‌స్టాట్ (ప్రెషర్‌ని బట్టి హీటర్‌ని ఆన్ ఆఫ్ చేసే స్విచ్చి) మీదో టెర్మినల్ బ్లాక్ మీదో పడితే ఆర్‌సీసీబీ పడదా మరి? వేడెక్కాకే ఎందుకు పడుతోందో కూడా దీంతో కుదురుతుంది, ఒకసారి లోపల తడిశాక హీటర్ వైర్లు తీసేసినా పడుతుంది.

నమ్మకం కుదరడానికి ఇలా చూడండి. పూర్తిగా చల్లారాక, గేజ్ సున్నాకి వచ్చాక, స్టీమ్ గొట్టం తెరిచి ప్రెషర్ ఏమీ లేదని చూసుకున్నాకే ప్యానెల్స్ తియ్యండి. ఒక బార్ దగ్గర బాయిలర్ లోపల 120 డిగ్రీలు ఉంటుంది, తమాషా కాదు. ప్లగ్గు పీకే ఉండగా బాయిలర్ సగానికి డ్రెయిన్ చేసి, వైరింగ్ మీద తడి హెయిర్ డ్రైయర్‌తో ఆరబెట్టి, ప్రోబ్ వైరు ఊడదీసి దానికి పొడుగాటి వైరు కలిపి బయటికి తెచ్చుకోండి. హీటర్ వైర్లు తీసే ఉంచండి. ఆన్ చేసి నింపుతున్నప్పుడు ఆ కొసని బాయిలర్ బాడీకి తాకించండి. కొన్ని సెకండ్లలో పంపు ఆగితే బాక్సు నిక్షేపంగా ఉన్నట్టు. ఆగకపోతే అప్పుడు బాక్సు సంగతి మాట్లాడుకుందాం. లోపల మిగతా టెర్మినల్స్ అన్నిటికీ 230 వోల్టులు ఉంటాయి, చెయ్యి పెట్టకండి, భయమైతే ఎలక్ట్రీషియన్‌ని పక్కన పెట్టుకుని చేయించండి.

ప్రోబ్‌ని కూడా బయటికి తీసి చూడండి, దాని మీద సున్నం గారలా పట్టి ఉంటే మామూలు నీళ్ళు పోసినా ఇదే రోగం వస్తుంది. సన్న ఎమరీ పేపరుతో మెరిసేలా రుద్దండి.

బెజవాడ_బాబాయ్

ఆ రాగి బాయిలర్ తూకానికి వేసినా డబ్బులొస్తాయి గానీ నాయనా, ఇత్తడి ఫిల్టర్ ఒకటి కొనుక్కో, చికోరీ వేసి డికాక్షన్ తీస్తే బెంజి సర్కిల్ దాకా వాసన కొడుతుంది, కరెంటూ అక్కర్లేదు ఆర్‌సీసీబీ పడేదీ లేదు 😄

కృష్ణలంక_కాఫీ

బాబాయ్ అది కూడా పెడతా, ముందు దీని సంగతి తేలనీయండి 😄

మావయ్య గారూ, వైరు బాడీకి తాకించగానే పంపు టక్కున ఆగింది. ప్రోబ్ మీద కొంచెం గార ఉంది, రుద్దేశాను. ప్రెషర్‌స్టాట్ కవర్ తీస్తే లోపల నీళ్ళు నిలిచి ఉన్నాయి, మీరన్నట్టే. మెగ్గర్ కూడా పెట్టించా, హీటర్ శుభ్రంగా ఉందన్నారు. తర్వాత కుళాయి నీళ్ళు రెండు పాళ్ళు, క్యాన్ నీళ్ళు మూడు పాళ్ళు కలిపితే టీడీఎస్ 135 వచ్చింది, అవి పెట్టాను. గాజు గొట్టంలో లెవెల్ సగం దాటాక దానంతటదే ఆగింది. హీటర్ వైర్లు మళ్ళీ కలిపి ఆన్ చేస్తే ట్రిప్పు కూడా కాలేదు, ఆవిరి మాత్రం రైలింజన్‌లా వచ్చింది!

ఇలా కలిపిన నీళ్ళు రోజూ వాడొచ్చా? ఎడమ గ్రూపు మాత్రం అలాగే ఉంది.

మెల్బోర్న్_మావయ్య

వాడొచ్చు. స్పెషాల్టీ కాఫీ అసోసియేషన్ వాళ్ళు కాఫీ నీళ్ళకి చెప్పే టార్గెట్ 150, 75 నుంచి 250 దాకా ఫర్లేదంటారు, కాబట్టి రుచికీ మీ 135 బానే ఉంటుంది. 18 టీడీఎస్‌తో తీసిన షాట్ ఎలాగూ చప్పగా ఉంటుంది. బోరు నీళ్ళు మాత్రం ఒక్క గ్లాసు కూడా కలపొద్దు. కుళాయి నీళ్ళని కార్బన్ ఫిల్టర్ గుండా పంపితే క్లోరిన్ పోతుంది. రోజూ కొలిచి కలపడం షాపులో జరిగే పని కాదు గనక టీడీఎస్ కంట్రోలర్ ఉన్న ఆర్‌వో యూనిట్ పెట్టుకోండి, అందులో స్క్రూ తిప్పి కావాల్సినంత కలుపుకోవచ్చు. ఆవిరి పోతే ఉప్పు బాయిలర్లోనే ఉండిపోతుంది, అందుకని సాయంత్రం కట్టేసే ముందు వేడి నీళ్ళ ట్యాప్ తిప్పి కొంత నీళ్ళు వదిలేస్తే కొత్తవి ఎక్కుతాయి.

ఎడమ గ్రూపుకి: పోర్టాఫిల్టర్ (కాఫీపొడి వేసి బిగించే పిడి గిన్నె) పెట్టకుండా రెండు గ్రూపులూ పది సెకండ్లు వదిలి గ్లాసుల్లో పట్టి చూడండి, తేడా ఎంతో తెలుస్తుంది. పంపు గేజ్ రెంటికీ 9 బార్ దగ్గరే చూపిస్తుంటే పంపు దోషం లేదు, దారి మూసుకుపోయింది. ముందు షవర్ స్క్రీన్ (గ్రూపు అడుగున ఉండే జల్లెడ) విప్పండి, పాత కాఫీ జిడ్డు అక్కడే ఉంటుంది. అది కాకపోతే గ్రూపులోకి నీళ్ళొచ్చే దార్లో జిగ్లర్ ఉంటుంది, ఇత్తడి ముక్కకి సన్న చిల్లు, ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. సున్నం రేణువు ఒక్కటి చాలు దానికి. సూది పెట్టి పొడవకండి, చిల్లు పెద్దదైతే రెండు గ్రూపులకీ మళ్ళీ తేడా వస్తుంది. లీటరు వేడి నీళ్ళలో 50 గ్రాముల నిమ్మ ఉప్పు వేసి నానబెట్టండి, సున్నం తగ్గాక బాగా కడిగి పెట్టండి. అదీ కాకపోతే ఆ గ్రూపు ఫ్లో మీటర్, సాలినాయిడ్ చూడాలి.

ఈ నిమ్మ ఉప్పు నీళ్ళు మెషీన్ మొత్తంలోకి ఎక్కించెయ్యమని ఎవరైనా చెప్తే వద్దు. పాత బాయిలర్లో గార పెళ్ళలు పెళ్ళలుగా ఊడి వచ్చి ఇప్పుడు బాగున్న కుడి గ్రూపు జిగ్లర్ కూడా మూసుకుపోతుంది. విప్పి, ఒక్కొక్క భాగాన్నీ నానబెట్టడమే.

కృష్ణలంక_కాఫీ

జిగ్లరేనండి! స్క్రీన్ తీస్తే ఏం తేడా లేదు, జిగ్లర్ విప్పి నానబెడితే గ్లాసులు రెండూ దాదాపు సమానంగా వచ్చాయి. గ్రూపుల గ్యాస్కెట్లు (పోర్టాఫిల్టర్ బిగిసే చోటి రబ్బరు రింగులు) మాత్రం రాయిలా గట్టిపడి ఊడట్లేదు.

ఇంకొకటి, ప్రెషర్ 0.8కి పడిపోయి అక్కడి నుంచి 1.4 దాకా ఎక్కుతోంది, మధ్యలో ఎక్కడా ఆగట్లేదు. ఇది మామూలేనా?

వైర్‌మ్యాన్_వరంగల్

గ్యాస్కెట్ల ఒక చెక్క స్క్రూ దించి, పట్టకారుతో గుంజు, వస్తది. పగిలితే పగలనియ్, ఎట్లనో కొత్తది వెయ్యాలె.

మెల్బోర్న్_మావయ్య

మామూలు కాదు, 0.2 అటూ ఇటూ అయితే సరే అనుకోవచ్చు. ప్రెషర్‌స్టాట్ నీళ్ళలో నానింది కదా, కాంటాక్టులు నల్లబడి అతుక్కుంటూ ఉంటాయి. దాన్ని రుద్ది వాడకండి, మార్చెయ్యండి. సిరాయి కంపెనీ మూడు పోల్స్ 30 యాంప్స్‌ది చాలా మెషీన్లకి సరిపోతుంది, మీ దానికి ఏ సైజు నట్టు ఉందో చూసుకుని కొనండి. కొత్తది పెట్టాక 1 నుంచి 1.2 మధ్య సెట్ చేసుకోండి.

దాంతో పాటే సేఫ్టీ వాల్వ్ కూడా కొత్తది తెప్పించండి, 1.8 బార్‌ది. ప్రెషర్‌స్టాట్ అతుక్కుపోయిన రోజున మీకూ ఆ బాయిలర్‌కీ మధ్య ఉండేది అదొక్కటే, ఏడాది గోడౌన్లో పడి ఉన్న దాన్ని నమ్మి షాపులో జనం మధ్య పెట్టకండి. రెండూ వచ్చేదాకా మెషీన్ ఆన్ చేసి పక్కకి వెళ్ళొద్దు.

కృష్ణలంక_కాఫీ

ఆర్డర్ పెట్టేశానండి రెండూ. వరంగల్ అన్నా, ఎంసీబీ 25 పెట్టాలా 32 పెట్టాలా?

వైర్‌మ్యాన్_వరంగల్

మోటార్ గూడ కలుపుకుంటే 25 సరిపోతది, 4 ఎస్‌క్యూ రాగి వైరు మీద. 32 పెడితే వైరు 6కి పోవుడు మంచిది. గ్రైండర్ దానికే కలపకు, దానికి వేరే లైను గుంజు.